ఏరు అడిగిన సారు

సారు చనిపోయిన కబురు నాకు బస్సులోనే అందింది. ఆయన పరిచయమైంది కూడా బస్సులోనే కాబట్టి అందులో వింతేమీ లేదు. పోయిన నెల, సంత రోజు, పినపాక నుంచి మణుగూరు వచ్చే మొదటి ట్రిప్పు. బస్సు నిండా గంపలు, సంచులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. టికెట్లు కొట్టుకుంటూ వెనక సీటు దాకా వెళ్ళేసరికి, నాతో పాటు సారు దగ్గర చదువుకున్న పినపాక చెల్లె సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుని ఉంది. వినడమే తప్ప తాను ఏమీ మాట్లాడటం లేదు. కాసేపటికి ఫోను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"అన్నా, సారు పోయిండట. నిన్న పొద్దుగూకినంక పోయిండట. సారు బిడ్డ చేసింది ఫోను," అంది.

పక్క సీటు ముసలాయన టికెట్ కోసం చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. ఆయనకు టికెట్ ఇచ్చానో లేదో ఇప్పటికీ నాకు గుర్తు లేదు. కండక్టర్‌గా ఇన్నేళ్ళు చేశాను, అలా ఎప్పుడూ జరగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన పంతులూ కాదు. మణుగూరులో ప్రాంతీయ సంస్కృతి అధ్యయనం అని ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి ఉంది. దాన్ని నడిపిన సారు ఆయన. సొంత ఊరు ఎర్రుపాలెం. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భార్య అంతకు ముందే పోయింది. ఊళ్ళో కూతురి దగ్గర హాయిగా ఉండాల్సిన వయసులో ఈ అడవి అంచుకు వచ్చి, ఒక గది కిరాయికి తీసుకుని, పిల్లలు లేని వేళల్లో ఒక బడి గదిలో పెద్దవాళ్ళకు పాఠం చెప్పేవారు. ఎందుకొచ్చారు సార్ ఇంత దూరం అని అడిగితే, "ఇక్కడి పాటల మీద, పండగల మీద ఊరికే చదువుతూ వచ్చానయ్యా. చూసింది మాత్రం లేదు," అనేవారు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. కండక్టర్‌ని కదా, మనుషులు నా కళ్ళకు ఎక్కే ఊరు, దిగే ఊరుగానే కనిపిస్తారు. పెళ్ళి పందిట్లో కూర్చున్నా పక్కాయనను చూసి ఈయన అశ్వాపురంలో ఎక్కే మనిషి అనుకుంటాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పెద్దమనిషి నా లెక్కకు అందకుండా తిరగడం మొదలుపెట్టారు. మణుగూరులో ఎక్కి పినపాకకు టికెట్ తీసుకుంటారు. పినపాకలో దిగరు. అదే బస్సులో కూర్చుని మళ్ళీ మణుగూరుకు టికెట్ తీసుకుంటారు. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ మధ్య గొడుగు. వచ్చే పోయే జనాన్ని చూస్తూ కూర్చుంటారు. నా మీద నిఘా పెట్టిన చెకింగ్ మనిషేమోనని నాకు గుబులు పట్టుకుంది. కొన్ని వారాలు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంది సార్, దిగరా?"

"దిగితే ఎవరు కనిపిస్తారయ్యా? అందరూ ఇక్కడే ఉన్నారుగా," అని గొడుగు కొసతో బస్సు ముందు నుంచి వెనక దాకా చూపించారు. "ఈ బస్సులో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా నా క్లాసులో లేరు. నేను చెప్పే పాఠమేమో వీళ్ళ గురించి."

ఏం క్లాసో, ఏం పాఠమో విడమరిచి చెప్పారు. చెప్పి, నువ్వెందుకు రాకూడదు అని నా మీద పడ్డారు. డ్యూటీ ఉంటదన్నాను. డ్యూటీ దిగాక రమ్మన్నారు. వస్తే నాకేం లాభమని అడిగాను. ఇంకెవరైనా అయితే ప్రమోషన్ వస్తుందనో, పేరు వస్తుందనో చెప్పేవారు. సారు కాసేపు నిజంగానే ఆలోచించి, "లాభం సంగతి నాకు తెలియదు. నీకు విసుగు మాత్రం రాదు," అన్నారు. పదో తరగతి తర్వాత నా పేరు మీద ఏ సర్టిఫికెట్టూ రాలేదు కదా, చూద్దాంలే అని చేరాను.

మొదటి రోజు గదిలో కూర్చున్నవాళ్ళను చూస్తే నాకు సారు బాధ అర్థమైంది. అందరూ మణుగూరులోనే ఎక్కి మణుగూరులోనే దిగే జనం. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్ళు, సర్వీసులో పనికొస్తుందని చేరిన టీచర్లు, గనుల కాలనీ నుంచి ఒక మేడం, భద్రాచలం వచ్చే యాత్రికులకు గైడుగా పని చేద్దామనుకునే ఒక సత్తుపల్లి యువకుడు. ఆ రోజు పాఠం అడవి గూడేలలో జరిగే విత్తనాల పండగ. అందరూ గబగబా రాసుకున్నారు. ఇది పరీక్షలో వస్తదా సార్ అని ఒకరు అడిగారు. ఆ పండగ చేసుకునే ఇంటి మనిషి గదిలో ఒక్కరు లేరు.

సారు మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు, ఊళ్ళతో పిలిచేవారు. సత్తుపల్లీ, ఇటు చూడు. అశ్వాపురం, నువ్వు చెప్పు. హాజరు కూడా తలకిందులుగా తీసుకునేవారు. క్లాసు మొదలుపెట్టగానే, "ఇవాళ ఎవరు రాలేదు?" అని అడిగేవారు. మొదట్లో మేము ఫలానా ఆయనకు జ్వరం సార్ అని చెప్పేవాళ్ళం.

"జ్వరం వచ్చినాయన వచ్చే వారం వస్తాడు. నేను అడిగేది ఎప్పుడూ రానివాళ్ళ గురించి," అనేవారు.

అప్పుడు వెతుక్కుని చెప్పాల్సి వచ్చేది. గోదారిలో చేపలు పట్టేవాళ్ళు రాలేదు సార్. తునికాకు కోసేవాళ్ళు రాలేదు. గనిలో దిగేవాళ్ళు రాలేదు, వాళ్ళ ఆఫీసర్ల ఇంటివాళ్ళు మాత్రం వచ్చారు. ఇలా చెప్పేసరికి కాలనీ మేడం మొహం కొంచెం మాడేది. సారు మాత్రం ఎవరినీ నొప్పించాలని అడిగేవారు కాదు. పొలంలో చల్లిన విత్తనాలు మొలిచాయా లేదా అని చూసుకునే రైతులాగా అడిగేవారు, అంతే.

ఎందుకు రావడం లేదో బస్సులో తిరిగి తిరిగి ఆయనకే తెలిసింది. క్లాసు ఆదివారం పెట్టారు. ఆదివారం పొద్దున సారు చర్చికి పోయి వచ్చి, అన్నం తిని, క్లాసుకు వచ్చేవారు. టౌనులో వాళ్ళకు అది సెలవు రోజు, వీలుగా ఉండేది. గూడెం మనిషికి ఆదివారం నాడు మణుగూరులో పనేముంటుంది? వాళ్ళు టౌనుకు వచ్చేది సంత రోజు. కాబట్టి క్లాసును సంత రోజుకు మార్చేశారు.

అంతే, గొడవ మొదలైంది. సంత రోజు బడి ముందు ఎండు చేపల గంపలు దింపుతారు. ఆ వాసనలో కూర్చోలేమన్నారు కొందరు. కాలనీ మేడం, "ఆ రోజు రోడ్డు మీద నడవడానికి కూడా వీలుండదు సార్," అంది.

"అంత మంది వస్తున్నారనే కదమ్మా మార్చింది," అన్నారు సారు.

సగం మంది మానేశారు. కోర్సు నడిపే పై ఆఫీసుకు ఈ సంగతి తెలిసి, మార్చిలో ఏడాది ముగిసేలోగా క్లాసు నిండకపోతే సెంటర్ ఎత్తేస్తామని కబురు పెట్టారు. ఉన్నవాళ్ళు పోయారు. రావాల్సినవాళ్ళు వస్తారన్న నమ్మకం సారుకు తప్ప ఎవరికీ లేదు. మొదటి సంత రోజు గదిలో సారు, నేను, గోడ మీద బల్లి. నా ఒక్కడికే పాఠం అంతా చెప్పారు, బోర్డు మీద రాసి మరీ చెప్పారు. రాసింది తుడవడానికి బడి డస్టర్ ముట్టుకునేవారు కాదు, జేబురుమాలుతోనే తుడిచేవారు. ఒక్క ప్రయాణికుడు ఉన్నా బస్సు టైముకు కదలాలి కదా అని నాలో నేను నవ్వుకున్నాను. నవ్వుకున్నానే గానీ భయం కూడా వేసింది. ఆయన అంత కష్టపడి తెచ్చుకున్న క్లాసు ఆయన చేతుల మీదే మూతపడుతుందేమోనని.

ఆ తర్వాతి సంతకు ఒక ఆడపిల్ల గడప దగ్గర నిలబడింది. చంకలో గంప, గంపలో ఉప్పు, సబ్బులు, ఒక కొత్త తట్ట. పినపాక పక్కన గూడెం. నా బస్సులోనే వస్తుంది, మొహం తెలుసు.

"చదువుకోవడానికి వచ్చావా అమ్మా?" అని సారు ఆశగా అడిగారు.

"లేదు సార్. బస్సుకు ఇంక టైముంది. ఎండ బాగ కొడ్తంది. జర నీడకు కూసుంట," అంది.

"కూర్చో, కూర్చో," అని సారు బెంచీ మీద దుమ్ము తన జేబురుమాలుతోనే దులిపారు.

గంప బెంచీ కింద పెట్టుకుని కూర్చుంది. ఆమే మా పినపాక చెల్లె. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పాసయింది, గూడెంలో అంగన్‌వాడీ చూసుకునేది. ఆమెను చూసి తర్వాతి వారం ఇంకో ఇద్దరు నీడకు వచ్చారు. సారు అప్పుడే పసిగట్టారు. సంత సద్దుమణిగిన తర్వాత నుంచి గూడేల బస్సు కదిలే దాకా ఖాళీ సమయం ఉంది చూశారా, సరిగ్గా అందులోకి క్లాసు జరిపారు. బస్సు ఆలస్యమైతే ఆ రోజు పాఠం పెద్దది. "ఇవాళ మీ డ్రైవర్‌ని కాస్త నెమ్మదిగా టీ తాగమనయ్యా," అని నాతో అనేవారు. పది పాసైనవాళ్ళు కోర్సులో చేరారు. కానివాళ్ళు చేరకుండానే కూర్చున్నారు. ముందు బెంచీల్లో టౌను, వెనక బెంచీల్లో గంపలు. రెండూ కలిసేవి కావు, అయినా గది నిండింది.

ఇక ఏరు సంగతి. ఎండలు ముదరక ముందే ఒక రోజు క్లాసునంతా వెంటబెట్టుకుని సారు పినపాక చెల్లె వాళ్ళ గూడెం బయల్దేరారు. రోడ్డు మీద బస్సు దిగి లోపలికి చాలా దూరం నడవాలి. గూడెం పక్కన నీళ్ళు పారే చోటు ఉందని, ఆ ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న అన్నం తిందామని ఆయన ఆలోచన. మేము చేరేసరికి చెల్లె అంగన్‌వాడీ తలుపు తీయడానికి వెళ్ళింది. ఇంటి ముందు వాళ్ళ అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. సారు చెమట తుడుచుకుంటూ వెళ్ళి అడిగారు.

"అమ్మా, ఏరు?"

మా దిక్కున అందరం వాగు అంటాం. మాలో ఎవరు అడిగినా వాగు ఎటు అని అడిగేవాళ్ళం, అవ్వ చెయ్యి చూపించేది. సారుది ఎర్రుపాలెం. వాళ్ళ ఊరి దగ్గర పారేదాన్ని వాళ్ళు ఏరు అంటారు. ఆ మాట అక్కడి నుంచి ఇక్కడికి మోసుకొచ్చి వాడిన మనిషి ఆయన ఒక్కరే.

అవ్వ ఆయన మొహం చూసింది. లోపలికి పోయి సొరకాయ బుర్ర తెచ్చి, ఆకు దొన్నెలో నీళ్ళు పోసి ఇచ్చింది. మర్యాద చేస్తోంది కాబోలని సారు తాగారు. తాగి, గొడుగు అటూ ఇటూ తిప్పి చూపిస్తూ మళ్ళీ ఏరు అన్నారు. అవ్వ మళ్ళీ పోసింది. కాదనలేక మళ్ళీ తాగారు. మా వాళ్ళకు నవ్వు ఆగలేదు. సత్తుపల్లి యువకుడు, "ముసలమ్మకు చెవుడు సార్, గట్టిగ అడగండి," అన్నాడు. సారు గట్టిగానే అడిగారు. అవ్వ పాపం, ఈయనకు ఎంత దూప అయిందోనని ఇంకా తొందరగా పోసింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. అప్పుడే చెల్లె వచ్చింది.

"మా అవ్వకు చెవుడు లేదు," అంది. "మా గూడెం మాటల ఏరు అంటే నీళ్ళు. సారు నీళ్ళు అడుగుతున్నడు, అవ్వ పోస్తంది. దీంట్ల గంత నవ్వుడేంది?"

మేమందరం నవ్వు ఆపేశాం. సారు మొహం మాత్రం వెలిగిపోయింది. మాట దొరికిందన్న సంబరం ఆయనది. అక్కడే నిలబడి, చూశారా, వీళ్ళ నీళ్ళు మా ఊరికొచ్చేసరికి ఏరైందా, మా ఏరు ఇక్కడికొచ్చేసరికి నీళ్ళయిందా అని పాఠం అందుకున్నారు. చెల్లె అవ్వ చేతిలోంచి బుర్ర తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేము తిరిగి వచ్చేటప్పుడు కూడా బయటికి రాలేదు.

ఆ తర్వాతి సంతకు క్లాసుకు రాలేదు. ఆమె రాకపోతే ఆమెతో వచ్చేవాళ్ళూ రాలేదు. వెనక బెంచీలు మళ్ళీ ఖాళీ. సారు ఎప్పటిలాగే, "ఇవాళ ఎవరు రాలేదు?" అన్నారు. "పినపాక రాలేదు," అని ఆయనే చెప్పి బోర్డు వైపు తిరిగారు. ఏడాది చివర దగ్గర పడుతోంది. ఆ పిల్ల నా బస్సులోనే సంతకు వస్తోంది, పోతోంది, బడి వైపు తల తిప్పడం లేదు. ఆ సంగతి సారుకు చెప్పాను. ఆయన చాలాసేపు గొడుగు బటను మీటుతూ కూర్చుని, "నీకు ఆఫ్ ఎప్పుడు?" అని అడిగారు.

నా ఆఫ్ రోజున ఇద్దరం వెళ్ళాం. అవ్వ అదే గడప దగ్గర కూర్చుని ఉంది. సారు ఎండలోనే గొడుగు మూసి, చెప్పులు విప్పి నిలబడ్డారు.

"అమ్మా, ఏరు," అన్నారు, ఈసారి నీళ్ళ కోసమే.

అవ్వ పోసింది. తాగారు. అలికిడికి చెల్లె బయటికి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఆ రోజు వాళ్ళు నవ్వింది మీ అవ్వను చూసి కాదమ్మా, నన్ను చూసి, అని చెప్పడానికి బయల్దేరాను," అన్నారు సారు. "నడుస్తూ ఆలోచిస్తే అది నిజం కాదనిపించింది. అవ్వను చూసే నవ్వారు. నేను మాట దొరికిన ఆనందంలో పడి పట్టించుకోలేదు. అది చెప్పిపోదామని వచ్చాను."

"ఇంక ఆ మాట క్లాసుల చెప్తరా సార్?" అని ఆమె అడిగింది.

"నువ్వు వద్దంటే చెప్పను."

చెల్లె వాళ్ళ మాటలో అవ్వను ఏదో అడిగింది. అవ్వ చాలా పెద్ద జవాబే ఇచ్చింది, చేతులు కూడా ఊపింది. చెల్లెకు నవ్వు వచ్చింది. ఏమంటోందని సారు ఆత్రంగా అడిగారు.

"నీళ్ళు అడిగేటోని నోరు ఎవరన్న మూస్తరా అంటంది సార్. మంచిగ అడగమను, ఎప్పుడొచ్చిన పోస్త అంటంది."

వచ్చే సంతకు ఆమె గంపతో పాటు ఆ సొరకాయ బుర్ర కూడా తెచ్చింది. బల్ల మీద పెట్టి, "దూపయితే అడగండి సార్," అని వెనక బెంచీకి పోయింది. ఆ రోజు నుంచి సారు క్లాసులో నీళ్ళు అనలేదు. పాఠం మధ్యలో ఆగి, "పినపాకా, ఏరు," అనేవారు. ఆమె లేచి పోసేది. కొన్నాళ్ళకు సత్తుపల్లి యువకుడు తల వంచుకుని, "చెల్లె, నాకు కూడ జర ఏరు," అన్నాడు. ఆమె అతన్ని కాసేపు ఎదురు చూడనిచ్చి పోసింది. తర్వాత కాలనీ మేడం అడిగింది. నీళ్ళ కోసం ముందు బెంచీ వాళ్ళు వెనక్కి వెళ్ళడం, వెనకవాళ్ళు ముందుకు రావడం అలవాటై, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తు పెట్టుకోవడం నాకే కష్టమైపోయింది.

ఏడాది చివర పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. గంపలు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు, ఒక మూల కోడి. అన్నీ చూసి, "వీళ్ళంతా స్టూడెంట్లేనా?" అన్నాడు. "కొందరు చేరారు, కొందరు బస్సు కోసం కూర్చున్నారు. ఎవరు ఎవరో నాకే తెలియడం లేదు. మీరూ కూర్చోండి," అన్నారు సారు. ఆయన కూర్చున్నాడు. విత్తనాల పండగ పాఠం ఆ రోజు సారు చెప్పలేదు, చెల్లె చెప్పింది. అధికారి కూడా మధ్యలో దాహమేసి అడిగాడు, ఏమని అడగాలో పక్కవాళ్ళు చెవిలో చెప్పారు. సెంటర్ ఎత్తేస్తామన్న మాట మళ్ళీ వినబడలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. చెల్లె దూరవిద్యలో డిగ్రీ చేసింది, క్లాసులో కొన్ని పాఠాలు ఆమే చెప్పడం మొదలుపెట్టింది. అవ్వ పోయింది. ఆ బుర్ర చెల్లె దగ్గరే ఉంది. సారుకు గుండె జబ్బు వచ్చి, కూతురు వచ్చి ఎర్రుపాలెం తీసుకుపోయింది. అక్కడి నుంచి కూడా ప్రతి సంత రోజూ క్లాసు టైముకు ఫోన్ చేసి, "ఇవాళ ఎవరు రాలేదు?" అని అడిగేవారు. "మీరే సార్," అనేది చెల్లె. అవతల ఆయన నవ్వు గదిలో అందరికీ వినబడేది. ఆ నవ్వు మళ్ళీ వినలేనన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

కబురు తెలిసిన రోజు నేను డ్యూటీ ఇంకొకరికి అప్పగించి చెల్లెతో కలిసి బయల్దేరాను. ఆమె క్లాసుకు తయారై వచ్చిన మనిషి, క్లాసుకని సర్దుకున్న సంచి అలాగే భుజాన ఉంది. కొత్తగూడెం, ఖమ్మం, మధిర, బస్సులు మారుకుంటూ మధ్యాహ్నం దాటాక చేరాం. సారును హాలులో పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కా తొడిగారు. ఆయన కూతురు మమ్మల్ని గుర్తుపట్టి, ఒక పక్కన కూర్చోబెట్టి, చివరి రోజుల సంగతి చెప్పింది.

"మాట పడిపోయిందండీ. ఒక్క మాటే పలికేవారు. ఏరు, ఏరు అనేవారు. చిన్నప్పుడు ఈత కొట్టిన ఏరు గుర్తొస్తోందేమో అనుకున్నాం. లేచాక తీసుకెళ్తాను నాన్నా అన్నాను. ఊరుకునేవారు కాదు. మా ఆయన బండి మీద వెళ్ళి ఏటి ఇసుక గుప్పెడు తెచ్చి అరచేతిలో పెట్టారు. దాన్ని చూసి, మళ్ళీ నా మొహం చూసి, ఏరు అన్నారు."

నేను తల ఎత్తలేకపోయాను. చెల్లె చాలా మెల్లగా అడిగింది.

"అక్కా, సారు నీళ్ళు తాగిండా?"

"తాగకేం. ఇసుక పెట్టినా, ఏం చేసినా, చెంచాతో నీళ్ళు మాత్రం పోస్తూనే ఉన్నాను. పోసినప్పుడల్లా కాసేపు ఊరుకునేవారు. ఆఖరున కూడా మింగారు," అంది ఆమె.

చెల్లె ఊపిరి వదలడం నాకు వినబడింది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం సమాధుల తోటలో ప్రార్థన చేశారు, పాట పాడారు, అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. జనం పలచబడ్డాక ఆయన కూతురు ఇంటికి పోకుండా ఆ కొత్త మట్టి పక్కనే కూర్చుండిపోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెల్లె వెళ్ళి పక్కన కూర్చుని, సంచిలోంచి అవ్వ బుర్ర తీసి, బిరడా లాగి ఇచ్చింది.

"పొద్దటి సంది ఏం తాగలే అక్కా. జర ఏరు తాగు."

ఆమె బుర్ర అందుకుని ఒక గుక్క తాగి, ఆగిపోయింది. "ఏమన్నావు?" అంది.

"మా మాటల నీళ్ళను గట్లనే అంటం అక్కా. సారు క్లాసుల గట్లనే అడిగేటోడు."

ఆమె చెల్లె మొహం వైపు అలాగే చూసింది. తర్వాత మట్టి వైపు చూసింది. "నేను పోస్తూనే ఉన్నాను కదా," అంది, ఎవరితోనో.

"అవ్ అక్కా. అడిగింది పోసినవ్."

ఆమె బుర్ర రెండు చేతులతో ఎత్తిపట్టుకుని మళ్ళీ తాగింది. ఈసారి ఆగలేదు. నీళ్ళు గడ్డం మీదుగా, మెడ మీదుగా కారి చీర తడుస్తున్నా తుడుచుకోలేదు.